ముందు చక్రాల సెడాన్‌లో పెద్ద ఇంజిన్: మన రోడ్లకి ఏది మేలు?

ఇరవై లక్షల లోపు సెడాన్ కొందామనుకునే శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకి ఇవాళ నాలుగు దారులు కనిపిస్తున్నాయి. 1.5 లీటర్ల టర్బో పెట్రోల్ ఉన్న వెర్నా, వర్టస్, స్లావియాల్లో ఒకటి కొత్తది తెచ్చుకోవచ్చు. అందులో సగం డబ్బుకో, ఇంకా తక్కువకో 3.5 లీటర్ల వీ6 (వీ ఆకారంలో ఆరు సిలిండర్ల ఇంజిన్) ఉన్న పాత హోండా అకార్డ్ దొరకొచ్చు. 2.0 లీటర్ల డీజిల్ ఆక్టేవియా, సూపర్బ్, క్రూజ్ లాంటివి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. నాలుగోది, వెనక చక్రాలు తిప్పే పాత బెంజి సీ క్లాసో, బీఎండబ్ల్యూ 3 సిరీసో.

ఏది మేలని అడిగేవాళ్ళు అందరూ సీసీతోనే మొదలుపెడతారు. ఇంజిన్ పెద్దదైతే బండికి బలం, ఘాట్ రోడ్డు అవలీలగా ఎక్కేస్తుంది అని లెక్క. అంబాసిడర్ల కాలంలో ఆ లెక్క చాలావరకు నిజమే. ఇంజిన్ ముందు చక్రాల్నే తిప్పే బండి (పైన మొదటి మూడూ అలాంటివే) దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ ఎంత లాగగలదన్నది రెండో ప్రశ్న. ఆ రెండు టైర్లు రోడ్డుని ఎంత పట్టుకోగలవన్నది మొదటిది. బండిని లాగేవీ అవే, తిప్పేవీ అవే, బ్రేకు వేస్తే ఎక్కువ భారం మోసేవీ అవే.

టైరు దగ్గర లెక్క

కాగితం మీద ఒకసారి వేసి చూద్దాం. ఖాళీ బండి 1,300 కిలోలు. ఇంటిల్లిపాదీ ఎక్కి డిక్కీ నింపితే 1,600 అనుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు ఇలాంటి బండి బరువులో అరవై శాతం దాకా ముందే ఉంటుంది. వెనక సీటు నిండి సామాను పడేసరికి ఆ వాటా యాభై నాలుగు దగ్గరికి దిగుతుంది. అంటే ముందు చక్రాల మీద సుమారు 860 కిలోలు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ముక్కు లేస్తుంది, వెనక కుంగుతుంది, మరో వంద కిలోల పైచిలుకు వెనక్కి పోతుంది. మిగిలేది 750. పొడి తారు రోడ్డు మీద టైరు తన మీదున్న బరువులో ఎనభై శాతం పట్టు ఇస్తే 600 కిలోల లాగుడు వస్తుంది. తడి రోడ్డు మీద యాభై శాతమే ఇస్తే, అంత గట్టిగా లాగలేదు కాబట్టి వెనక్కి పోయే బరువూ కాస్త తగ్గి, 390.

ఇప్పుడు ఇంజిన్ వైపు నుంచి రండి. వర్టస్, స్లావియాల 1.5 టర్బోకి 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉంది, వెర్నా టర్బోకి 253. మొదటి గేరూ, ఫైనల్ డ్రైవూ (గేర్‌బాక్సు తర్వాత చక్రాలకి వెళ్ళే చివరి గేరు) కలిసి దాన్ని పదమూడు రెట్లు పెంచుతాయనుకుందాం. చక్రం మధ్య నుంచి రోడ్డుకి 30 సెంటీమీటర్లు. మధ్యలో అరిగిపోయేది వదిలేస్తే టైరు దగ్గర 1,100 కిలోల తోపుడు తేలుతుంది. పట్టు చూస్తే 600. రెండో గేరులో తోపుడు 640కి దిగుతుంది, అంటే పొడి రోడ్డు మీదే అంచున ఉన్నాం. మూడో గేరులో 420. తడి రోడ్డు మీద మూడో గేరులో కూడా పూర్తి టార్క్ దిగితే టైరు జారొచ్చన్నమాట. ఘాట్ ఎక్కుడు ఉంటే ఇంకో పాతిక కిలోలు ముందునుంచి వెనక్కి పోతాయి.

ఇది 1.5 లీటర్ల ఇంజిన్ సంగతి. దాని చోట 350 న్యూటన్ మీటర్లది పెడితే, మొదటి రెండు గేర్లలో పెరిగిన బలం టైరు అరగడానికి పోతుంది, లేదా చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ దాన్ని కోసేస్తుంది. ఆ బలం చేతికందేది వేగం అరవై దాటాక, ఓవర్‌టేక్ చేసేటప్పుడు. అది చిన్న లాభమేమీ కాదు. సాలూరు వైపు వెళ్ళే రెండు వరసల రోడ్డు మీద లోడు లారీని దాటేటప్పుడు ఎదురుగా బండి కనిపిస్తే, ఆ రెండు సెకన్ల తేడా ప్రాణాలతో సమానం. కాబట్టి పెద్ద ఇంజిన్ దండగ అని నేననను. అది పనికొచ్చే చోటు వేరు, మనవాళ్ళు ఊహించుకునే చోటు వేరు.

ఇదే లెక్క వెనక చక్రాల బండికి వేస్తే బొమ్మ తిరగబడుతుంది. తొక్కినప్పుడు వెనక్కి పోయే బరువు అక్కడ లాగే చక్రాల మీదే పడుతుంది. డిక్కీ సామానూ, వెనక సీటు మనుషులూ, ఎక్కుడూ అన్నీ పట్టుని పెంచేవే. అయిదుగురికి కొలిచిన అంబాసిడర్‌లో ఎనిమిది మందిని ఎక్కించుకుని ట్యాక్సీవాళ్ళు ఘాట్‌లు ఎక్కించేవారంటే కారణం అందులో కొంత ఉంది. ఆ బళ్ళలో చివరి రోజుల ఇసుజు పెట్రోల్ ఇంజిన్ కూడా 1.8 లీటర్లదే. అయితే ఒంటరిగా నడిపే బండి బురదలోనో ఇసుకలోనో పడితే మాత్రం, ఇంజిన్ బరువు మీదుండే ముందు చక్రాలే కాస్త నయం. బారువ బీచ్‌కి ఒక్కడూ వెళ్ళేవాడికీ, ఇంటిల్లిపాదితో అరకు వెళ్ళేవాడికీ ఒకే జవాబు రాదు.

బోనెట్ కింద చోటెక్కడిది?

1959లో అలెక్ ఇసిగోనిస్ మినీ కారులో ఇంజిన్‌ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సుని దాని కింద సంపులోనే (ఆయిల్ ఉండే తొట్టెలోనే) సర్దాడు. 1964లో ఫియట్‌కి చెందిన డాంటే జియాకోసా ఆటోబియాంకి ప్రిములాలో గేర్‌బాక్సుని ఇంజిన్ చివర బిగించాడు. ఇవాళ మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో దాదాపు అన్నిటిదీ ఆ రెండో పద్ధతే. దానివల్ల ఇంజిన్, గేర్‌బాక్సు రెండూ ఒకే వరసలో, రెండు ముందు చక్రాల మధ్య దూరంలో పట్టాలి. నాలుగు సిలిండర్లయితే సుఖంగా పడతాయి. ఆరు వరసగా పెడితే పొడుగు చాలదు. వోల్వో ఎస్80 లాంటి ఒకటీ అరా బళ్ళు తప్ప ఆ జోలికి పోయినవి తక్కువ. వీ ఆకారంలో మూడూ మూడూ పెడితే పొడుగు కలిసొస్తుంది గానీ, వెనక మూడు సిలిండర్లూ క్యాబిన్ గోడకి ఆనుకుపోతాయి. ఫోక్స్‌వ్యాగన్ 1991లో వీఆర్6 అని, రెండు వరసల మధ్య కోణాన్ని 15 డిగ్రీలకి కుదించి, రెంటికీ ఒకే సిలిండర్ హెడ్డు పెట్టి, ఆరు సిలిండర్లని నాలుగింటి చోటుకి దగ్గరగా తెచ్చింది. మన దగ్గర అమ్మిన సూపర్బ్ 3.6 దాని వారసురాలే.

అమెరికావాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. 1966 ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడోలో 7 లీటర్ల వీ8, 385 హార్స్ పవర్, తిప్పేది ముందు చక్రాల్నే. ఇంజిన్ ముందు నుంచి వెనక్కి పొడుగ్గా ఉంటే, గేర్‌బాక్సు పక్కన, మధ్యలో గొలుసు. 1970 కాడిలాక్ ఎల్డొరాడోకొచ్చేసరికి 8.2 లీటర్లయింది. అవి రెండు తలుపుల విలాసపు బళ్ళు. అచ్చమైన కుటుంబ సెడాన్‌లో పెట్టినవీ ఉన్నాయి. ఇటలీ లాన్చియా 1986లో థెమా 8.32 అని ఫెరారీ 2.9 లీటర్ల వీ8ని ముందు చక్రాలకి కలిపి తెచ్చింది. 2006లో షెవర్లే ఇంపాలా ఎస్ఎస్‌లో 5.3 లీటర్ల వీ8ని అడ్డంగా పట్టించడానికి క్రాంక్ షాఫ్టునే కొన్ని మిల్లీమీటర్లు పొట్టి చేశారు. పట్టించడం ఎప్పుడూ కుదిరింది. పట్టించాక స్టీరింగ్ చేతిలో ఎలా ఉంటుందన్నదే చిక్కు.

గేర్‌బాక్సు ఒక పక్కకి ఉంటుంది కాబట్టి ఒక చక్రానికి వెళ్ళే యాక్సిల్ పొట్టి, రెండోది పొడుగు. పొట్టిదీ పొడుగుదీ ఒకే ఎత్తు నుంచి దిగినా వంపు కోణాలు తేడా. గట్టిగా తొక్కి ముక్కు లేచినప్పుడు ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అప్పుడు స్టీరింగ్ దానంతటదే ఒక పక్కకి లాగుతుంది. చేతులు గట్టిగా పట్టుకోకపోతే బండి వరస మారిపోతుంది. మన మెకానిక్కులు దీన్ని అలైన్‌మెంట్ తేడా అనుకుని టైర్లు మార్చి మార్చి చూస్తుంటారు. కాలు తీయగానే లాగడం ఆగిపోతే అది అలైన్‌మెంట్ కాదు, టార్క్ తెచ్చిన లాగుడే. దీనికి మందులున్నాయి. పొడుగు వైపున మధ్యలో ఇంకో షాఫ్టు వేసి రెండు యాక్సిల్‌లనీ సమానం చేస్తారు. ముందు సస్పెన్షన్‌లో స్టీరింగ్ తిరిగే ఇరుసుని విడదీసి చక్రం మధ్యకి జరుపుతారు. ఫోర్డ్ 2009 ఫోకస్ ఆర్ఎస్‌లో 305 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలతే) బలాన్ని ముందు చక్రాలతోనే నడిపించింది ప్రధానంగా ఆ ఉపాయంతో. డిఫరెన్షియల్‌ని (రెండు చక్రాలకీ బలం పంచే గేర్లని) ఎలక్ట్రానిక్‌గా బిగించే ఏర్పాటు మరొకటి. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245కి ఉన్నది అదే. ఇవన్నీ డబ్బుతో కూడిన మందులు, మామూలు కుటుంబ సెడాన్‌కి రావు.

పాత వీ6

2008 నుంచి 2013 దాకా అమ్మిన అకార్డ్ వీ6కి 270కి పైగా హార్స్ పవర్. టార్క్ దాదాపు 340 న్యూటన్ మీటర్లు. ముందు చెప్పిన లెక్క ప్రకారం ఇది అదుపు తప్పాలి కదా అనిపిస్తుంది. అదుపు తప్పదు, అందుకు రెండు కారణాలు. టర్బో లేదు కాబట్టి ఆ టార్క్ 5,000 ఆర్‌పీఎం దగ్గరికి మెల్లగా పెరుగుతూ వస్తుంది, కింద ఒక్కసారి విరుచుకుపడదు. ఆయిల్ ద్వారా బలం పంపే పాతకాలపు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ దాన్ని ఇంకొంచెం మెత్తబరుస్తుంది. రణస్థలం నుంచి నరసన్నపేట దాకా ఆరు వరసల హైవే మీద ఆ బండి వెళ్తుంటే ఇంజిన్ ఉన్నట్టే తెలియదు. తేలికగా వెళ్ళేటప్పుడు కొన్ని సిలిండర్లని ఆపేసి మూడింటితోనో నాలుగింటితోనో నడుస్తుంది కూడా. ఆ నున్నదనం ఏ నాలుగు సిలిండర్ల టర్బోకీ లేదు. ఇందులో నాకు వేరే అభిప్రాయమే లేదు. నిస్సాన్ టియానా 2.5 వీ6 కూడా అలాంటిదే, ఇంకా మెత్తన, కానీ సీవీటీ (విడి గేర్లు లేని బెల్టు తరహా ఆటోమేటిక్) వల్ల తొక్కిన వెంటనే కదిలినట్టుండదు.

కష్టం ఎక్కడంటే బండిని పోషించడంలో. విజయనగరంలో ఒక షెడ్డులో అలాంటి వీ6 బండి బోనెట్ తెరిచి చూస్తున్నప్పుడు మేస్త్రి నా చెయ్యి పట్టుకుని ఇంజిన్ వెనక్కి పెట్టించాడు. గోడకీ ఇంజిన్‌కీ మధ్య మణికట్టు దాకా వెళ్ళింది, ఆపైన కదల్లేదు. "వెనక ప్లగ్గులు మార్చాలంటే పైనున్న మేనిఫోల్డు ఇప్పాలి బాబూ. మౌంటింగు పోతే ఇంజిన్ని కిందనుంచి జాకీ మీద నిలబెట్టాలి. పని గంటది కాదు, రోజుది" అన్నాడు. అన్ని వీ6లకీ మేనిఫోల్డు విప్పాల్సిన పని లేదు గానీ, ముందు మూడు ప్లగ్గులకీ వెనక మూడింటికీ కూలి ఒకటి కాదన్నది మాత్రం అన్నిటికీ వర్తిస్తుంది. అకార్డ్ వీ6కి టైమింగ్ బెల్టు ఉంది, చైను కాదు. లక్ష కిలోమీటర్ల దగ్గర్లో మార్చకపోతే తెగిన రోజున ఇంజిన్ పోతుంది. సిలిండర్లు ఆపేటప్పుడు వచ్చే అదురుని మింగే ప్రత్యేకమైన ఇంజిన్ మౌంటింగులు ఉంటాయి, అవి పోతే ధర గుండె జారేలా ఉంటుంది. ముందు బరువు ఎక్కువ కాబట్టి లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు తొందరగా పోతాయి. మన ఊరి స్పీడ్ బ్రేకర్లు ఒకే కొలతలో ఉండవు, ముక్కు బరువున్న బండికి కింద గీసుకోవడం తప్పదు. ఊళ్ళో లీటరుకి ఆరేడు కిలోమీటర్లు వస్తే సంతోషపడాలి. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన చాలా బళ్ళ రబ్బరు భాగాలు ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌కని చేసినవి కావు, పాత వీ6కి అదో దిగులు.

ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఉన్నవాళ్ళు అసలు పార్టుల కోసం, స్కానర్ తెలిసిన మనిషి కోసం జిల్లా అంతా దాటి విశాఖ రావాలి. దారిలో ఆగిపోతే టోయింగ్ ఖర్చు వేరే.

2.0 లీటర్ల డీజిల్

మన రోడ్లకి పుట్టినట్టుండే ఇంజిన్ ఇదే అని చాలామంది నమ్మకం. ఆక్టేవియా 2.0 టీడీఐకి 143 పీఎస్, 320 న్యూటన్ మీటర్లు. క్రూజ్ తొలి మోడల్‌కి 150 పీఎస్, 327 న్యూటన్ మీటర్లు, తర్వాత 166 పీఎస్‌కి పెరిగింది. నాతవలస నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు, అక్కడి నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వెళ్ళేవాళ్ళని అడగండి. మూడో గేరులో వేసి వదిలేస్తే ఎక్కుకుంటూ పోతుంది, గేరు మార్చే పనే ఉండదంటారు. నిజం. హైవే మీద లీటరుకి పదహారు, పదిహేడు ఇవ్వడం కూడా నిజమే.

చిక్కు ఏమిటంటే ఆ టార్క్ 1,750 ఆర్‌పీఎం దగ్గర ఒక్కసారిగా వస్తుంది. వాన రోజున ఘాట్ మలుపులో రెండో గేరు, అప్పుడే టర్బో ఊపందుకుంటే ముందు చక్రం గిర్రున తిరుగుతుంది. పైగా డీజిల్ ఇంజిన్ బరువు. మలుపులో స్టీరింగ్ తిప్పినా బండి కాస్త తిన్నగానే పోతానంటుంది. అలవాటైనవాళ్ళు కాలు మెత్తగా పెట్టి నడిపేస్తారు. నాకు దీనికంటే పెద్ద అభ్యంతరం వయసు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక స్కోడా, ఫోక్స్‌వ్యాగన్‌లు మన దేశంలో డీజిల్ మానేశాయి. షెవర్లే 2017 చివరికే ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. 2023లో వెర్నా, సిటీ కొత్త రూపాలు వచ్చేసరికి వాటిలోనూ డీజిల్ లేదు. అంటే మీరు కొనేది ఎంత మంచి బండైనా పాతదే. మా బంధువుల డీజిల్ సెడాన్ ఒకటి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (క్లచ్ ముందు ఇంజిన్ అదురుని మింగే చక్రం) దగ్గర శబ్దం చేస్తే, విశాఖలో ఒక సర్వీస్ సెంటర్‌లో క్లచ్ ప్లేటు మాత్రమే మార్చి పంపేశారు. శబ్దం అలాగే ఉంది. మళ్ళీ గేర్‌బాక్సు దింపాల్సి వచ్చింది. కూలి రెండుసార్లు. ఈ బళ్ళు కొనేటప్పుడు ఇంజిన్ ఆఫ్ చేసే క్షణంలో గేర్‌బాక్సు దగ్గర టకటక వినిపిస్తుందేమో చూడాలి. వినిపిస్తే ఆ ఖర్చు ధరలోంచి తీసెయ్యమనాలి.

1.5 టర్బో

కొత్త బండి కొనే కుటుంబానికి నా ఓటు దీనికే. ఇంజిన్ చిన్నది, తేలిక. ముక్కు బరువు తక్కువ కాబట్టి మలుపులో చెప్పినట్టు వింటుంది. 150, 160 పీఎస్ అనేది మామూలు సస్పెన్షన్‌తో ముందు చక్రాలు మోయగలిగిన హద్దుకి దగ్గర్లో ఉంది. అంతకు మించి పెట్టాలంటే పైన చెప్పిన ఖరీదైన మందులన్నీ కావాలి. తయారీదార్లు అక్కడ ఆగడం పిసినారితనం కాదు, లెక్క తెలిసే ఆగారు.

ఎస్.కోట నుంచి బొడ్డవర దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. తొలకరి పడి రోడ్డు మీద దుమ్ము, ఆకులు, ఆయిల్ కలిసి జిగురుగా ఉన్న రోజు. వెనక ముగ్గురు. కుడివైపుకి హెయిర్‌పిన్. లోపలి వైపున్న ముందు చక్రం మీద ఆ క్షణంలో అన్నిటికంటే తక్కువ బరువు ఉంటుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ సమానంగానే టార్క్ పంపుతుంది కాబట్టి, ఆ తేలిక చక్రం ఎంత పట్టుకోగలిగితే బయటి చక్రానికీ అంతే అందుతుంది. తొందరపడి తొక్కితే లోపలి చక్రం గుర్రుమంటుంది, డాష్‌బోర్డులో పసుపు లైటు కొట్టుకుంటుంది, బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగుతుంది. అప్పుడే వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతుంది. ఇలా కాకుండా, మలుపుకి ముందే రెండో గేరు వేసి, 1,800 దగ్గర నిలిపి, యాక్సిలరేటర్ సగం దాటకుండా పట్టుకుంటే అదే బండి అదే మలుపు చక్కగా తిరుగుతుంది. జారే లోపలి చక్రానికి బ్రేకు వేసి బయటి చక్రానికి బలం మళ్ళించే ఏర్పాటు వర్టస్, స్లావియాల్లో ఉంది, అది బాగా పనిచేస్తుంది. 350 న్యూటన్ మీటర్ల ఇంజిన్ ఉన్నా ఆ మలుపులో ఇంతకంటే వేగంగా వెళ్ళలేం, టైరు ఒప్పుకోదు.

ఈ బళ్ళలో ఆటోమేటిక్ తీసుకోవాలా, మాన్యువల్ తీసుకోవాలా అన్నది వేరే చర్చ గానీ ఒక్క మాట చెప్పాలి. వర్టస్, స్లావియాల ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) పొడి క్లచ్‌లది, దాని సామర్థ్యం 250 న్యూటన్ మీటర్లే. ఇంజిన్ ఇచ్చేదీ 250. మిగులు లేదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు విజయనగరంలోనో, రథసప్తమికి అరసవల్లి దారిలోనో గంటలకొద్దీ అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్‌లో పొడి క్లచ్ వేడెక్కుతుంది. ఎక్కుడు మీద బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టే అలవాటు ఉన్నవాళ్ళు మాన్యువలే తీసుకోండి. ఇంజిన్ పెంచినప్పుడు ముందుగా లొంగిపోయేది చాలాసార్లు గేర్‌బాక్సే, ఇంజిన్ కాదు. రీమ్యాప్ చేయించి (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్పించి) టార్క్ పెంచుకుందామనుకునే కుర్రాళ్ళు ఈ 250 అంకె గుర్తుంచుకోవాలి.

పన్ను సంగతి కూడా ఇక్కడే. మొన్నటి దాకా నాలుగు మీటర్లు దాటిన సెడాన్‌కి ఇంజిన్ 1,500 సీసీ లోపుంటే 45 శాతం, దాటితే 48 శాతం పడేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెంటికీ 40 శాతమే. కాబట్టి పన్ను కోసం 1.5 దగ్గర ఆగాల్సిన పని ఇప్పుడు లేదు. అయినా కంపెనీలు ఈ ధరలో 2.0 లీటర్ల సెడాన్‌లు తెస్తాయని నేననుకోను. 1.5 టర్బో ఇచ్చే బలం ముందు చక్రాలకి సరిపోతోంది, మైలేజీ లెక్కలు కూడా దాన్నే కోరతాయి. పెద్ద ఇంజిన్, ముందు చక్రాలు, కొత్త బండి మూడూ కావాలంటే 230 పీఎస్ కామ్రీ హైబ్రిడ్ ఉంది, కానీ అది మన బడ్జెట్‌కి రెట్టింపు దాటిన మాట.

వెనక చక్రాలు, నాలుగు చక్రాలు

బలం నిజంగా కావాలంటే సరైన చోటు ఇదే. బీఎండబ్ల్యూ 320డీకి 190 పీఎస్, 400 న్యూటన్ మీటర్లు. అంత టార్క్‌తోనూ స్టీరింగ్ ప్రశాంతంగా ఉంటుంది, ఎందుకంటే దానికి తిప్పడం తప్ప వేరే పని లేదు. నిండు లోడుతో ఘాట్ ఎక్కడంలో దీన్ని మించింది ఈ నాలుగింటిలో లేదు.

కానీ వెనక సీటు మధ్యలో కూర్చున్నవాళ్ళని అడగండి. ప్రొపెల్లర్ షాఫ్టు కోసం లేపిన దిమ్మ కాళ్ళ మధ్యకి వస్తుంది. ముందు చక్రాల బండి కుటుంబాలకి అంత నచ్చడానికి కారణం వేగం కాదు, ఆ జాగాయే. సూపర్బ్ వెనక సీటులో కాళ్ళు చాపుకుని కూర్చున్న పెద్దవాళ్ళు సీ క్లాస్‌లోకి మారమంటే మారరు. రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంతదూరం నడిచేవి) మన లోపలి రోడ్ల గుంతల్లో పక్కగోడ చీలితే పాలకొండలోనో రాజాంలోనో అప్పటికప్పుడు అదే కొలత దొరకడం కష్టం. తడి రోడ్డు మీద వెనక జారితే సర్దుకోవడం మామూలు డ్రైవర్‌కి అలవాటు లేని పని. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ చాలావరకు కాపాడుతుంది గానీ, అరిగిన టైర్లతో అది కూడా ఏమీ చేయలేదు.

సూపర్బ్ 3.6 వీ6 4x4 నాకు వ్యక్తిగతంగా ఎంతో ఇష్టమైన బండి. 260 పీఎస్, 350 న్యూటన్ మీటర్లు, నాలుగు చక్రాలకీ పంపకం, వెనక సీటులో హాలంత జాగా. ఈ వ్యాసంలో అడిగిన ప్రశ్నకి ఇంజినీర్లు ఇచ్చిన పూర్తి జవాబు అది. దొరకడం అరుదు, పార్టులు ఇంకా అరుదు. ఇంట్లో రెండో బండి ఉండి, దీన్ని ప్రేమతో చూసుకోగలిగితే తప్ప వద్దు.

ఇంజిన్ మార్పించుకోవడం

"సాలూరులో లారీ ఇంజిన్‌నే విప్పి బిగించేస్తారు, మన సెడాన్‌లోకి పెద్ద ఇంజిన్ ఎక్కించలేరా" అని అడిగేవాళ్ళున్నారు. సాలూరు షెడ్డుల పనితనం మీద నాకు అపార గౌరవం. కానీ చేతి పని ఎంత గట్టిదైనా, ముందు చక్రాల బండిలో ఇంజిన్ మారిస్తే గేర్‌బాక్సు, యాక్సిల్‌లు, మౌంటింగులు, రేడియేటర్, వైరింగు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అన్నీ మారాలి. ముందు బరువు పెరిగితే స్ప్రింగులూ బ్రేకులూ మారాలి. స్టెబిలిటీ కంట్రోల్ పాత ఇంజిన్‌కి రాసిన లెక్కతోనే పనిచేస్తుంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడు సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకి అయిదు వేల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువాళ్ళు మొదట చూసేది అదే. అదే రకం ఇంజిన్ పాడై, అదే రకంది రవాణా శాఖ అనుమతితో వేయించుకుంటే ఇబ్బంది లేదు. పెద్దది ఎక్కించడం మాత్రం కుటుంబం కూర్చునే బండిలో చేయకూడని పని.

కొనేముందు

ఒడిశాలోని కొరాపుట్, జైపూర్ వైపు వారానికోసారి లోడుతో వెళ్ళే వ్యాపారి అయితే, సర్వీసు కాగితాలు పక్కాగా ఉన్న 2.0 డీజిల్ చూసుకోవచ్చు, ఫ్లైవీల్ ఖర్చు పక్కన పెట్టుకుని. పిల్లలూ పెద్దలూ ఉండి, బండి తాళం ఇంట్లో ముగ్గురి చేతుల్లో తిరిగేదైతే 1.5 టర్బో మాన్యువల్. విశాఖ దగ్గర్లో ఉండి, ఏడాదికి అయిదారు వేల కిలోమీటర్లే తిరిగి, ఆ నున్నటి శబ్దం కోసమే కొనేవాళ్ళకి అకార్డ్ వీ6. బేరం కుదుర్చుకునే ముందు టైమింగ్ బెల్టు మార్చిన రసీదు అడగండి, లేకపోతే అది మార్చే ఖర్చు ధరలో తగ్గించుకోండి.

టెస్ట్ డ్రైవ్ ఒంటరిగా చెయ్యకండి. షోరూమ్ కుర్రాడు పక్కన కూర్చుని బైపాస్ మీద ఒక రౌండ్ తిప్పిస్తే ఇందులో ఏ సంగతీ బయటపడదు. ఇంట్లో వాళ్ళని నలుగురిని ఎక్కించుకోండి. ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో ముప్ఫై నుంచి ఒకసారి పూర్తిగా తొక్కి, స్టీరింగ్ ఏ పక్కకి లాగుతోందో చేతులు వదులుగా పెట్టి చూడండి. కాలు తీసి మళ్ళీ చూడండి. ఎక్కుడు మీద ఆపి, స్టీరింగ్ సగం తిప్పి బయల్దేరండి. యాక్సిల్ దగ్గర టిక్కు టిక్కుమంటే సీవీ జాయింట్ (యాక్సిల్ చివర వంగే కీలు) పోయినట్టే. ముందు టైర్ల లోపలి అంచు చేత్తో తడమండి. బయట బాగుండి లోపల నున్నగా అరిగి ఉంటే, ఆ బండి ముందు భాగం ఇప్పటికే తన శక్తికి మించి మోసిందని అర్థం. పాత బండైతే ఆ ఒక్క గుర్తుతోనే బేరం ఆపేయొచ్చు.